అమ్మకి వచ్చిన మతిమరుపు నాకూ వస్తుందా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. నాకు 58 ఏళ్ళు. మా అమ్మ చివరి నాలుగేళ్ళు నన్ను కూడా గుర్తుపట్టలేదు. ఈమధ్య నేను స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోతున్నాను, నాకూ అదే వస్తుందేమోనని ఒకటే టెన్షన్. రోజూ పేపర్లో సుడోకు నింపుతున్నాను. జ్ఞాపకశక్తి మాత్రలు తెప్పిస్తానని మా అబ్బాయి అంటున్నాడు, వాడొచ్చా? బీపీ ఉండేది గానీ నార్మల్‌కి వచ్చేసిందని మాత్ర మానేశాను. ఎడమ చెవి కాస్త మందం. ఎవరేమంటున్నారో తెలీక భజనకి వెళ్ళడం కూడా తగ్గించేశాను.

జవాబు: కన్నతల్లి గుర్తుపట్టకపోతే ఆ బాధ ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేం, మీ భయం నాకు అర్థమవుతోంది. కానీ అమ్మకి వచ్చినంత మాత్రాన కూతురికీ వచ్చి తీరాలని లేదమ్మా. పాలు పొంగిపోవడం చాలాసార్లు ధ్యాస వేరేచోట ఉండటం వల్లే. తెలిసిన వీధిలోనే దారి తప్పినా, ముప్పై ఏళ్ళుగా చేస్తున్న కూర ఎలా చేయాలో తోచకపోయినా మాత్రం వెంటనే డాక్టర్‌కి చూపించుకోవాలి.

మీరు సుడోకు గురించి, మాత్రల గురించి అడిగారు గానీ, నన్ను ఆపేసినవి ఉత్తరం చివర్లో మీరు మామూలుగా రాసేసిన రెండు మాటలు. బీపీ నార్మల్‌కి వచ్చింది ఆ మాత్ర వల్లే అయుండొచ్చు, మానేస్తే మళ్ళీ పెరుగుతుంది, పెరిగినా పైకేమీ తెలియదు, లోపల మెదడులోని సన్నటి రక్తనాళాలు ఏళ్ళ తరబడి దెబ్బతింటూ ఉంటాయి. ఈ వారమే వెళ్ళి చూపించుకోండి. ఉప్పు రోజుకి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, దాటకూడదు. ఉప్పుచేప, ఆవకాయ కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

ఇక చెవి. మతిమరుపు జబ్బుకి దారితీసే, మనం మార్చుకోగల 14 కారణాలను లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల బృందం (లాన్సెట్ కమిషన్) 2024లో లెక్కగట్టింది, అవన్నీ లేకుండా చూసుకోగలిగితే ప్రపంచంలో దాదాపు 45 శాతం కేసులు రాకుండానో ఆలస్యంగానో ఉంటాయని అంచనా. వాటిలో చెడు కొలెస్ట్రాల్‌తో పాటు వినికిడి తగ్గడం అన్నిటికంటే పెద్దది. మాట పోల్చుకోవడానికే మెదడు శక్తంతా పోతుంది, పైగా మనిషి మెల్లగా నలుగురికీ దూరమైపోతాడు, మీకు ఇప్పుడు జరుగుతున్నది అదే. ఒక్కోసారి అది గులిమి మాత్రమే కావచ్చు. అయినా ఒక్క చెవే తగ్గిందంటే తప్పకుండా చెవి డాక్టర్‌కి చూపించాలి. మిషన్ పెట్టుకోమంటే నామోషీ పడకండి, కళ్ళజోడు పెట్టుకోవడానికి సిగ్గుపడుతున్నామా?

జ్ఞాపకశక్తి మాత్రలు వద్దు. ఆ డబ్బుతో బి12, థైరాయిడ్, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించమనండి మీ అబ్బాయిని. బి12, థైరాయిడ్ తేడా వల్ల వచ్చిన మరుపైతే మందుతో బాగుపడొచ్చు. మీరు రాయలేదు గానీ మన జిల్లాలో ఆడవాళ్ళకి అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు ఇంకా ఉంది కాబట్టి చెబుతున్నాను, చుట్ట ఉంటే మానేయండి.

సుడోకు ఇష్టమైతే నింపండి, తప్పులేదు. దానికన్నా రాని పాట ఒకటి కొత్తగా నేర్చుకోవడం, వారానికి ఐదు రోజులు అరగంట చొప్పున నాగావళి గట్టునో అరసవల్లి వైపో తోడుతో చురుగ్గా నడవడం మేలు.

భజన మాత్రం మానొద్దు. ఎడమ చెవి గోడవైపు, కుడి చెవి మనుషులవైపు ఉండేలా కూర్చోండి. సరిగ్గా వినపడట్లేదని పక్కనున్నావిడతో చెప్పేయండి, కాస్త గట్టిగా మాట్లాడుతుంది.