వైఫై అడ్రస్ దానంతట అదే మారుతోందా? ముందు మార్చేదెవరో కనిపెట్టు

తమ్ముడూ,

లినక్స్ ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపి మళ్లీ పెట్టినప్పుడల్లా లాగిన్ పేజీ వస్తోందనీ, రౌటర్‌లో నీ మెషీన్‌కి కేటాయించిన ఐపీ కాకుండా ఇంకేదో వస్తోందనీ రాశావు. టెన్షన్ పడకు. సిస్టమ్ మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేసే ఆలోచన మానుకో. నువ్వు చెప్పినదాన్ని బట్టి కనెక్ట్ అయిన ప్రతిసారీ మ్యాక్ అడ్రస్, అంటే నెట్‌వర్క్ కార్డుకి ఉండే గుర్తింపు సంఖ్య, మారిపోతోంది. రౌటర్ నిన్ను కొత్తవాడివనుకుంటోంది.

నా మాట మీద నమ్మొద్దు, చూసి తేల్చుకో. టెర్మినల్‌లో ఐపీ లింక్ (ip link) కమాండ్ ఇవ్వు. లింక్ ఈథర్ పక్కన ఉన్నది ఇప్పుడు వాడుకలో ఉన్న అడ్రస్. అది అసలుది కాకపోతే అదే వరుసలో పెర్మ్‌యాడర్ (permaddr) అని కార్డు సొంత అడ్రస్ కూడా కనిపిస్తుంది. పాత వెర్షన్లలో అది రాదు, అప్పుడు ఎత్‌టూల్ అనే కమాండ్‌కి పెద్ద పీ ఆప్షన్ (ethtool -P) ఇచ్చి చూడు. అడ్రస్‌లోని మొత్తం 12 అంకెల్లో (వీటిలో A నుంచి F వరకు అక్షరాలూ ఉంటాయి) రెండోది 2, 6, A, E లలో ఏదైనా అయితే ఆ అడ్రస్ సాఫ్ట్‌వేర్ పెట్టిందే అనుకోవచ్చు.

ఇక అసలు పని, మార్చేదెవరో కనిపెట్టడం. కనెక్షన్లు నడిపే నెట్‌వర్క్‌మేనేజర్ మార్చగలదు, సిస్టమ్‌డీ లింక్ ఫైల్ (నెట్‌వర్క్ కార్డు సెట్టింగుల ఫైల్) మార్చగలదు, ఐడబ్ల్యూడీ అనే వైఫై ప్రోగ్రామ్ మార్చగలదు, ఎప్పుడో పెట్టి మర్చిపోయిన, అడ్రస్ మార్చే మ్యాక్‌ఛేంజర్ సర్వీస్ కూడా మార్చగలదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. ఒకదాన్నే ఉంచి మిగతావాటిని ఆపెయ్. డెస్క్‌టాప్ వాడేవాడివి కాబట్టి నెట్‌వర్క్‌మేనేజర్‌నే ఉంచమంటాను.

దాని సెట్టింగులు ఈటీసీ కింద నెట్‌వర్క్‌మేనేజర్ ఫోల్డర్‌లో, కాన్ఫ్ డాట్ డీ లోపల (/etc/NetworkManager/conf.d) ఉంటాయి. ఫైల్ పేరు డాట్ కాన్ఫ్‌తో ముగియకపోతే దాన్ని అసలు చదవదు. కనెక్ట్ అయ్యాక వాడే అడ్రస్‌ని శాసించే క్లోన్డ్ మ్యాక్ వరుస కనెక్షన్ విభాగంలో ఉండాలి, స్కానింగ్‌కి, అంటే చుట్టూ ఉన్న నెట్‌వర్క్‌లు వెతకడానికి, సంబంధించిన వరుస డివైస్ విభాగంలో ఉండాలి. ఇవి తారుమారైతే నువ్వు రాసింది పనిచేయదు. కాన్ఫిగ్ ప్రింట్ చేసే ఆప్షన్‌తో నెట్‌వర్క్‌మేనేజర్‌ని పిలిస్తే (NetworkManager --print-config) అన్ని ఫైళ్లూ కలిపి చివరికి తను ఏం తీసుకుందో చూపిస్తుంది. ముందు అది చూడు, ఊహించుకుంటూ కూర్చోకు. ఇంకో మెలిక: ఒక నెట్‌వర్క్ ప్రొఫైల్‌లోనే (ఆ నెట్‌వర్క్‌కి సేవ్ అయిన సెట్టింగుల్లోనే) విడిగా విలువ పెట్టి ఉంటే ఈ ఉమ్మడి సెట్టింగ్‌ని అది లెక్కచేయదు.

ఆ క్లోన్డ్ మ్యాక్ వరుసలో విలువ రాండమ్ అని ఉంటే కనెక్ట్ అయిన ప్రతిసారీ కొత్త అడ్రసే. నీ బాధకి మందు స్టేబుల్. అది ఒక్కో ప్రొఫైల్‌కి ఒక్కో అడ్రస్ తయారుచేసి, ఆ ప్రొఫైల్‌కి ఎప్పుడూ దాన్నే వాడుతుంది. అసలు అడ్రస్ బయటపడదు, రౌటర్ కూడా నిన్ను గుర్తుపడుతుంది. ఆ ప్రొఫైల్‌ని మాత్రం డిలీట్ చేసి మళ్లీ సృష్టించకు, అడ్రస్ మారిపోతుంది. స్టేబుల్ పెట్టాక రౌటర్‌లో ఐపీ కేటాయింపుని ఆ కొత్త అడ్రస్‌కి మార్చుకో. మ్యాక్ ఫిల్టర్ ఉన్నచోట మాత్రం పెర్మనెంట్, అంటే కార్డు సొంత అడ్రస్, పెట్టెయ్. అక్కడ దాచుకుని లాభం లేదు, వాళ్లు లోపలికి రానిచ్చేదే ఆ అడ్రస్ చూసి.

స్కానింగ్‌లో అడ్రస్ మార్చడం వేరే సంగతి, అది మామూలుగానే ఆన్‌లో ఉంటుంది. కొన్ని యూఎస్‌బీ వైఫై డాంగిల్స్ డ్రైవర్లకి అది పడదు. నెట్‌వర్క్‌లు కనిపిస్తాయి కానీ కనెక్ట్ కావు. అలా ఉంటే దాన్ని ఒక్కదాన్నే నో చేసి చూడు.

ఫైల్ మార్చాక నెట్‌వర్క్‌మేనేజర్‌ని రీస్టార్ట్ చేసి, కనెక్షన్ తెంచి మళ్లీ కలుపు. అంతవరకూ పాత అడ్రసే కనిపిస్తుంటే కంగారు పడకు. అప్పటికీ కుదరకపోతే సిస్టమ్ లాగ్‌లు చూపే జర్నల్‌సీటీఎల్ కమాండ్‌తో నెట్‌వర్క్‌మేనేజర్ లాగ్ తీసి, కనెక్ట్ అవుతున్న సమయంలోని వరుసలు నాకు పంపు. ఏ కార్డో, ఏ డ్రైవరో కూడా రాయి, చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
అన్నయ్య