వంటింటి ప్రశ్నలు: పిండి జారాలి గానీ కారకూడదు

ప్రశ్న: మా అబ్బాయి ఉద్యోగరీత్యా జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఉంటున్నాడు. కిందటి ఏడు మేము వెళ్లినప్పుడు అక్కడివారు ష్పెట్స్‌లె అని పిలిచే వంటకాన్ని, అంటే గుడ్లూ గోధుమపిండీ కలిపి నీళ్లలో ఉడికించిన చిన్న చిన్న తునకలను, వెన్నతో తిన్నాము. మా మనవరాలికి అవంటే ప్రాణం. సంక్రాంతికి పిల్లలు వస్తున్నారు కదా అని ముందుగా చేసి చూశాను. మైదాలో గుడ్లు వేసి జంతికల పిండిలా కలిపితే గొట్టంలోంచి దిగడమే కష్టమైంది, దిగినవి రబ్బరులా సాగాయి. రెండోసారి నీళ్లు ఎక్కువ పోస్తే గిన్నెలో చెదిరిపోయి గంజిలా తయారైంది. లోపం ఎక్కడుందో, మన ఇంట్లో ఉండే సామానుతో ఇది కుదురుతుందో లేదో తెలుపగలరు.
– ఒక గృహిణి, పటమట, విజయవాడ

జవాబు: అమ్మా, మీ సామానులో లోపమేమీ లేదు. మొదటిసారి పిండిని జంతికలకు కలిపినట్టు, రెండోసారి బజ్జీలకు కలిపినట్టు కలిపారు. ష్పెట్స్‌లెకు కావలసిన పాకం ఈ రెంటికీ మధ్య ఉంటుంది. గరిటెతో ఎత్తి పట్టుకుంటే పిండి ముద్దగా కిందపడకూడదు, ధారగా కారిపోనూకూడదు. బరువుగా, నెమ్మదిగా, పట్టీలా సాగుతూ జారి, చివరకు తెగాలి. ఈ ఒక్క గుర్తు చేతికి పట్టుబడితే మిగతా పనంతా తేలికే.

ముగ్గురికి సరిపడా చేయాలంటే 200 గ్రాముల మైదా, 50 గ్రాముల సన్నని బొంబాయి రవ్వ, 3 గుడ్లు, అర చెంచా ఉప్పు, సుమారు 100 మిల్లీలీటర్ల నీళ్లు తీసుకోండి. నూరు గ్రాముల పిండికి ఒక గుడ్డు, ఆపైన గిన్నె మొత్తానికి మరొకటి అన్న లెక్క అక్కడి ఇళ్లలో వాడుకలో ఉన్నదే. రవ్వ ఎందుకంటే, జర్మనీలో ఈ వంట కోసమే కాస్త పలుకుగా విసిరిన గోధుమపిండి దొరుకుతుంది; మన మైదా మరీ మెత్తన కాబట్టి ఉడికాక జిగురెక్కుతుంది. నీళ్లన్నీ ఒకేసారి పోయకుండా ముప్పాతిక వంతు పోసి, పిండిని చూసుకుంటూ మిగతావి చేర్చండి, ఎందుకంటే గుడ్లు అన్నీ ఒకే పరిమాణంలో ఉండవు.

ఇక అసలు పని పిండిని కొట్టడం. గారెల పిండిని నీటిచుక్క అంటుకుంటూ చేత్తో గిలకొట్టినట్టే, చెక్క గరిటెతో అడుగునుంచి పైకి లాగుతూ ఐదారు నిమిషాలు ఆపకుండా కొట్టాలి. అలా కొట్టినప్పుడే గోధుమలోని జిగట సాగే గుణం పొందుతుంది, గుడ్డుసొన దానితో కలిసి, మరిగే నీళ్లలో పడగానే గట్టిపడి, తునకను చెదిరిపోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. పిండిలో గాలిబుడగలు పైకి వచ్చి పగులుతుంటే చాలినట్టు లెక్క. ఈ పనికి మిక్సీ వద్దంటాను. సాగుదల ఎప్పుడు వచ్చిందో చేతికి తెలిసినట్టు యంత్రానికి తెలియదు. కొట్టిన పిండిని మూతపెట్టి అరగంట నాననివ్వండి. సంక్రాంతి చలిలో బయట ఉంచినా ఇబ్బంది లేదు గానీ, మన విజయవాడ ఎండల్లో చేసేటప్పుడు మాత్రం పచ్చిగుడ్డు కలిసిన పిండి కనుక ఫ్రిజ్‌లోనే ఉంచాలి.

గొట్టం సంగతికి వస్తే, సన్న కారప్పూస బిళ్ళ కాకుండా మీ దగ్గరున్న వాటిలో పెద్ద రంధ్రాల బిళ్ళ వేసి, గొట్టాన్ని మరిగే నీళ్లకు పైగా పట్టుకుని ఒత్తి, నాలుగైదు అంగుళాలు దిగగానే తడి చాకుతో కోయండి. బూందీ చట్రం ఉంటే ఇంకా సులువు: దాని మీద పిండి వేసి గరిటె వెనుకభాగంతో రుద్దితే గుండ్రని తునకలు పడతాయి. వీటికీ అక్కడ వేరే పేరుంది, చిన్న బొత్తాలు అనే అర్థంలో క్నోప్‌ఫ్లె అంటారు. ష్పెట్స్‌లె అంటే చిన్న పిచ్చుకలు. స్టుట్‌గార్ట్ ఉన్న స్వేబియా ప్రాంతపు పాతకాలం గృహిణులు తడిపిన చెక్కపీట మీద పిండిని పలుచగా పరిచి, పీటను గిన్నె అంచున ఆనించి, చాకుతో సన్నసన్నగా నీళ్లలోకి గీకేవారు. ఇప్పటికీ అలా చేసేవారికి అక్కడ ప్రత్యేక గౌరవం ఉంది. మన గుంటూరు సన్న మిరపకు ఉన్నట్టే ఈ స్వేబియా ష్పెట్స్‌లెకూ భౌగోళిక గుర్తింపు ఉంది, ఐరోపా సమాఖ్య 2012లో ఇచ్చింది. కాబట్టి తునకలు ఒకదానితో ఒకటి పోలకుండా వంకరటింకరగా వచ్చాయని దయచేసి బాధపడవద్దు. ఆ గరుకుదనమే వెన్ననూ పులుసునూ పట్టుకుంటుంది.

గిన్నె వెడల్పుగా ఉండాలి, లీటరు నీటికి రెండు చెంచాల చొప్పున ఉప్పు వేయాలి, నీళ్లు బాగా మరిగాకే పిండి పడాలి. ఒకేసారి పిండంతా ఒత్తితే నీటి వేడి తగ్గి, తునకలు ఒకదానికొకటి అతుక్కుని మీరు చూసిన గంజే మళ్లీ వస్తుంది. అందుకే గుప్పెడు గుప్పెడుగా వేయండి. పైకి తేలాక మరొక నిమిషం ఉంచి, జల్లి గరిటెతో తీసి, వెంటనే వడ్డించకపోతే చన్నీళ్లలో ఒకసారి ముంచి వడకట్టి, కరిగించిన వెన్నలో కలిపి పెట్టండి. మీ మనవరాలికి వీటితోపాటు ఉడికించిన పప్పు కూడా పెట్టి చూడండి, ఎందుకంటే స్వేబియాలో పప్పుతో ష్పెట్స్‌లె తినడం ఇంటింటా ఉన్న అలవాటు. పొట్టు తీయని మైసూరుపప్పును గింజ చెదరకుండా ఉడికించి, దించేముందు కొద్దిగా వెనిగర్ వేస్తే ఆ రుచికి దగ్గరగా వస్తుంది.

ప్రశ్న: మా ఇంట్లో గుడ్డు తినరు. గుడ్డు లేకుండా ష్పెట్స్‌లె చేయవచ్చా? చీజ్‌తో చేసే పద్ధతి కూడా చెప్పండి.
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మైదా, బొంబాయి రవ్వ సమపాళ్లలో తీసుకుని, నీళ్లతో పైన చెప్పిన పాకానికే తెచ్చి, ముప్పావుగంట నానబెట్టి చేయవచ్చు, తినడానికి బాగానే ఉంటాయి. అయితే గుడ్డు లేనిదాన్ని ష్పెట్స్‌లె అనడానికి నాకు మనసు ఒప్పదు, ఆ రంగూ ఆ పట్టూ గుడ్డువల్లే వస్తాయి. పసుపు వేసి రంగు తెప్పించడం అనవసరం.

చీజ్‌కు అక్కడ ఎమెంటాల్ వంటి గట్టి రకాలను తురిమి వాడతారు. ఇక్కడ చెడ్డార్, మొజరెల్లా కలిపి తురుముకోండి. చీజ్‌లో ఉప్పు ఉంటుంది కనుక పిండిలో తగ్గించండి. వేడి తునకలు ఒక వరుస, తురుము ఒక వరుస చొప్పున పేర్చి, బిర్యానీకి వేయించినట్టు ఎర్రగా వేయించిన ఉల్లిపాయలు పైన చల్లాలి. కారం కావాలనుకుంటే పక్కన పెట్టుకోండి, పిండిలో మాత్రం కలపవద్దు. మిగిలినవి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు పెనం మీద వెన్న వేసి అంచులు ఎర్రబడేదాకా వేయించుకోవచ్చు. నీళ్లలో మళ్లీ ఉడికిస్తే మెత్తబడిపోతాయి.