వాటాకు కోట్ల ఆస్తి వస్తోంది, మరి ఏడాదిన్నర ఇంటి ఖర్చు ఎక్కడ?

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు ఇలా రాశారు. భర్తకు చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. ఇద్దరూ ఏడాదికి పైగా విడిగా ఉంటున్నారు. 13 ఏళ్ల బాబు, 7 ఏళ్ల పాప ఆమె దగ్గరే పెరుగుతున్నారు. పరస్పర అంగీకారంతో విడిపోవడానికి పెద్దల సమక్షంలో మాట కుదిరింది. తిరుపతిలోని ఇల్లు, రేణిగుంట రోడ్డులో 60 అంకణాల స్థలం, డిక్రీ (విడాకుల తుది ఉత్తర్వు) వచ్చిన రోజున కోటి రూపాయల శాశ్వత భరణం ఆమెకు ఇస్తారు. అప్పటిదాకా నెలకు 75,000 రూపాయల ఇంటి ఖర్చుకూ, లాయరు ఫీజుకూ తెలిసినవారి దగ్గర నూటికి 2 రూపాయల వడ్డీకి 15 లక్షలు తీసుకోవచ్చా, రాబోయే కోటిని ఎందులో పెట్టాలి అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా, ఆ 15 లక్షలు తీసుకోవద్దు. ఆస్తిపాస్తులున్న ఇళ్లలో విడాకుల మాట వచ్చినప్పుడల్లా ఇదే పొరపాటు చూస్తున్నాను కాబట్టే మీ ఉత్తరానికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. ఇంకా చేతికి రాని డబ్బును వచ్చినట్టే లెక్కవేసి, దాని మీద అప్పు చేస్తున్నారు.

పరస్పర అంగీకార విడాకులకు హిందూ వివాహ చట్టం 13-బి సెక్షన్ కింద ఇద్దరూ కలిసి పిటిషన్ వేయడం మొదటి దశ; డిక్రీ కోరే రెండో దశకు ఆ తర్వాత సాధారణంగా 6 నెలలు ఆగాలి. తగిన సందర్భాల్లో ఆ గడువును మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, అది కోర్టు విచక్షణకు సంబంధించిన విషయం. అంతకంటే ముఖ్యంగా, డిక్రీ వచ్చేలోగా భార్యాభర్తల్లో ఎవరైనా తమ అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చని అదే కోర్టు 1991లోనే స్పష్టం చేసింది. పైగా మీవారిది గుజ్జు వ్యాపారం. జూన్, జూలైల్లో తోతాపురి కొని గుజ్జు తీశాక, సరుకు అమ్ముడుపోయేదాకా డబ్బంతా డ్రమ్ముల్లోనే ఉంటుంది. 2025లో నిల్వలు పేరుకుపోయి, కాయ ధర పడిపోయి, ప్రభుత్వం రైతుకు కిలోకు 4 రూపాయలు తన వైపు నుంచి ఇవ్వవలసి వచ్చింది. అలాంటి సంవత్సరంలో కోటి రూపాయలు చెప్పిన రోజుకే సర్దుబాటు అవుతాయని ఏ ధైర్యంతో అనుకుంటాం?

మీరు చెప్పిన అప్పుకు వడ్డీ నెలకు 30,000, ఏడాదికి 3,60,000. అంటే దాదాపు ఐదు నెలల మీ ఇంటి ఖర్చు వడ్డీకే పోతుంది. ప్రోనోటుతోపాటు సంతకం చేసిన ఖాళీ చెక్కులు కూడా అడుగుతున్నారని రాశారు. దయచేసి ఇవ్వకండి. తప్పనిసరైతే, మీ స్త్రీధనంలోని కొన్ని నగల మీద బ్యాంకులో చిన్న మొత్తం తీసుకోండి, అంతకు మించి వద్దు.

మీకు ఇప్పుడు కావలసింది అత్యవసర నిధి. మామూలు కుటుంబానికి ఆరు నెలల ఖర్చు చాలంటాను. కోర్టు వ్యవహారం నడుస్తున్న ఇంటికి 18 నెలలు ఉండాలి, అంటే 13,50,000 రూపాయలు. ఇది మీ ఒక్కరి పేరున ఉన్న ఖాతాల్లోనే ఉండాలి. కొన్నేళ్ల క్రితం ఒకామె నా దగ్గరకు వచ్చి చేతిసంచిలోంచి కోర్టు ఉత్తర్వు నకలూ, గడువు దాటిన కరెంటు బిల్లూ పక్కపక్కన పెట్టారు. రెండంతస్తుల ఇల్లు ఆమెదే; పిల్లల టర్మ్ ఫీజుకు గాజులు అమ్మి వచ్చారు. ఆ రెండు కాగితాలు నేను ఇప్పటికీ మరచిపోలేదు.

ఈ నిధిని ఒప్పందం నుంచే రాబట్టండి. భరణంలో కనీసం 25 లక్షలు మొదటి దశలోనే మీ పేరున డీడీగా ఇవ్వాలని ఒప్పంద పత్రంలో రాయించండి. దానికి ఆయన ఒప్పుకోకపోతే డిక్రీ రోజు మాట మీద కూడా అనుమానం పెట్టుకోవలసిందే. రాజీ చెదిరితే మీకూ పిల్లలకూ మధ్యంతర భరణం కోరవచ్చు. 2020లో రజనీష్–నేహా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఇద్దరూ ఆస్తులు, అప్పుల వివరాలతో అఫిడవిట్ వేయాలి కాబట్టి, ఫ్యాక్టరీ నష్టాల్లో ఉందన్న నోటిమాట అక్కడ చెల్లదు.

‘నీ దగ్గర డబ్బు లేదు, పిల్లల్ని నేనే పెంచుతాను’ అని ఆయన అన్న మాటకు మీరు భయపడుతున్నారు. కోర్టు చూసేది పిల్లల క్షేమాన్ని. ఎవరు ఎక్కువ సంపన్నులన్నదొక్కటే అక్కడ కొలమానం కాదు. బాబుకు ఊహ తెలిసిన వయసు కాబట్టి అతని ఇష్టాన్నీ అడగవచ్చు. అయినా ఫీజు రసీదులు, వైద్య ఖర్చుల బిల్లులు నెలవారీగా ఫైలు చేసి ఉంచండి. మీ భరణంలో ఎంత తగ్గించుకున్నా పిల్లల పోషణ ఖర్చును మాత్రం బేరంలో వదులుకోకండి.

ఆరోగ్య బీమాలో మీరూ పిల్లలూ భర్త పాలసీలోనే ఉన్నారు. విడాకుల తర్వాత అందులో మీకు చోటుండదు. మీకు థైరాయిడ్ ఉందని రాశారు కాబట్టి, రెన్యువల్ గడువుకు ముందే వేరే పాలసీకి పోర్ట్ చేసుకుంటే (మార్చుకుంటే), ముందే ఉన్న జబ్బులకు బీమా వర్తించేదాకా ఆగాల్సిన వెయిటింగ్ కాలంలో ఇప్పటిదాకా గడిచినది వృథా కాదు.

కోటి రూపాయల పెట్టుబడి గురించి, అది మీ ఖాతాలో పడ్డాక మాట్లాడుకుందాం.

సంతకం పెట్టేముందు ఇంటికి ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తాకట్లు చూపే ధ్రువపత్రం) తీయించండి. అసలు దస్తావేజులు ఎక్కడున్నాయో కళ్లారా చూడండి. ఫ్యాక్టరీ అప్పుకు ఆ ఇల్లు తాకట్టులో ఉంటే, ఇల్లు మీ పేరు మీదికి మారినా బ్యాంకు హక్కు పోదు. ఆ అప్పుకు మీరు హామీ సంతకం చేసి ఉంటే విడాకుల డిక్రీతో ఆ బాధ్యత కూడా తీరదు. బ్యాంకు మిమ్మల్ని హామీ నుంచి తప్పించినట్టు రాతపూర్వకంగా ఇచ్చిన తర్వాతే ఒప్పందం మీద సంతకం చేయండి.