పాసు కొనేముందు తిరుగు దారి చూసుకో

చిరంజీవి అమ్మలుకు పెద్దమ్మ దీవెనలు.

నిన్న రాత్రి మీ అమ్మ కాకినాడ నుంచి ఫోన్ చేసింది. "అక్కా, ఇది మంచుకొండల మీద జారడానికి చలికాలమంతా చెల్లే సీజన్ పాసు కొంటుందట, వద్దని నువ్వైనా చెప్పు" అంది. వద్దని చెప్పను. నేను నడివయసులో పిల్లల్ని స్కీయింగ్ పాఠాలకు దింపి, కిటికీ పక్కన కాఫీ పట్టుకుని కూర్చోలేక స్కీలు కట్టుకున్నదాన్ని. నీకు పాతికేళ్ళకే ఆ బుద్ధి పుట్టింది. సముద్రం ఒడ్డున పెరిగిన పిల్లవి, వచ్చిన రెండో చలికాలానికే కొండెక్కుతానంటున్నావు. మీ అమ్మ భయపడుతూ చెబుతుంటే నాకు ఇక్కడ ఛాతీ ఉప్పొంగింది. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకో రాస్తున్నాను, ఓపికగా చదువు.

ముందు సులువైనవి చెప్పేస్తాను. హెల్మెట్ సొంతంగా కొనుక్కో. స్కీలు, బూట్లు మొదటి ఏడాది సీజన్ మొత్తానికీ అద్దెకిచ్చే దుకాణంలో తీసుకో. బూటు పిక్కకు బిగుతుగా, వేళ్ళకు నొప్పి లేకుండా ఉండాలి. జీన్స్ వేసుకుని వెళ్ళకు. ఆఫీసు స్నేహితులు నేర్పుతామంటే నవ్వి ఊరుకో, డబ్బు కట్టి పాఠాలు నేర్చుకో. కాలు విరిగితే నీ ఆరోగ్య బీమా ఎంత ఇస్తుందో, నీ చేతి నుంచి ఎంత పడుతుందో ఒకసారి చదువు.

ఇక పాసు సంగతి. నువ్వుండేది సియాటిల్ పక్కన బోథెల్, పని రెడ్మండ్. నీకు అందుబాటులో ఉన్నవి మూడే కొండలు: ఐ-90 హైవే మీద స్నోక్వాల్మీ, యూఎస్-2 హైవే మీద స్టీవెన్స్ పాస్, ఎనమ్‌క్లా దాటి 410 రోడ్డున పోతే క్రిస్టల్ మౌంటెన్. మౌంట్ బేకర్ పేరు కూడా ఎవరో ఒకరు చెబుతారు. 1998-99లో అక్కడ 1,140 అంగుళాల మంచు పడి ప్రపంచ రికార్డు అయిన మాట నిజమే కానీ, అది కెనడా సరిహద్దు పక్కన ఉంది. ఏడాదికోసారి చూసి రావలసిన చోటు, పాసు కొనవలసిన చోటు కాదు.

ఈ మూడింట్లో చిక్కు ఎక్కడుందంటే, దగ్గరిది పల్లంలో ఉంది, ఎత్తయినది దూరంగా ఉంది. స్నోక్వాల్మీ కనుమ దాదాపు 3,000 అడుగులు. స్టీవెన్స్ కనుమ 4,061. క్రిస్టల్‌లో కారు ఆపే చోటే 4,400 అడుగుల దగ్గర, శిఖరం 7,000 దాటుతుంది. సియాటిల్ చలికాలం నీకు తెలిసిందే, పసిఫిక్ మీది నుంచి తడిగాలి వస్తూనే ఉంటుంది. ఆ తడి మంచుగా పడుతుందా, వానగా పడుతుందా అన్నది ఎత్తును బట్టి ఉంటుంది. జనవరిలో వెచ్చటి తుఫాను ఒకటి వచ్చిందంటే స్నోక్వాల్మీలో వాన కురుస్తుంటే క్రిస్టల్ పైభాగంలో మంచు పడుతుంటుంది. 2014-15లో వాన, మంచు కలిపి పడిన తడి ఇంచుమించు మామూలుగానే ఉంది, చలే లేదు. పడిందంతా వానై కొట్టుకుపోయింది. కింది కొండలు చాలా రోజులు మూతపడ్డాయి. 2015 మేలో గవర్నరు వాషింగ్టన్ రాష్ట్రమంతటా కరువు ప్రకటించారు. పల్లపు కొండకు పాసు కొనేవాళ్ళు అలాంటి ఏడాది మళ్ళీ రావచ్చని తెలిసే కొనాలి. పడిన మంచు కూడా కొలరాడోలో లాగా పొడిగా ఉండదు. తడిసి బరువెక్కి ఉంటుంది, ఇక్కడివాళ్ళు దాన్ని కాస్కేడ్ కాంక్రీట్ అంటారు. దాని మీద నేర్చుకున్న కాళ్ళు ఇంకెక్కడైనా నిలబడతాయి.

ఇదంతా చదివి, "అయితే ఎత్తయినదే కొంటాను పెద్దమ్మా" అంటావు. మీ పెదనాన్న కూడా అచ్చంగా అదే అన్నారు.

మీ అక్క చిన్నది అప్పుడు. ఆయన నలుగురినీ అడిగి, మ్యాపులు పరిచి, కొండ పైకి మోసుకెళ్ళే లిఫ్టులెన్నో, జారే వాలులెన్నో లెక్కగట్టి, ఉన్నవాటిలో పెద్ద కొండకు మా ముగ్గురికీ పాసులు కొన్నారు. ఇంటి నుంచి వానలో రెండు గంటల పైన పడుతుంది. "వారానికోసారేగా" అన్నారు. పాసు ధరను రోజు టిక్కెట్టు ధరతో భాగించి, ఎన్నిసార్లు వెళ్తే గిట్టుబాటవుతుందో కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించారు. వెళ్ళిన ప్రతిసారీ ఒక టిక్కు. డిసెంబరులో పాపకు జ్వరం. ఆ తరువాత ఇండియా నుంచి చుట్టాలు. సంక్రాంతికి ఇంట్లో భోజనాలు. జనవరి దాటేసరికి ఆ కాగితం మీద టిక్కులకన్నా ఖాళీలే ఎక్కువ. ఆ ఖాళీలను చూసినప్పుడల్లా ఆయన ముఖం మారిపోయేది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం. మధ్యాహ్నం నుంచి భారీగా మంచు పడుతుందని వాతావరణ సూచన. ఈ రోజు వద్దన్నాను. "డబ్బు కట్టాం" అన్నారు. ఆ ఒక్క మాటే. పాపను తీసుకుని వెళ్ళారు. వాళ్ళు చేరేసరికి కార్లు నిలిపే చోటు నిండిపోయింది, గాలికి పై లిఫ్టులు ఆపేశారు. కింద రెండు వాలుల మీద జారుతూ, పైది తెరుస్తారేమోనని చీకటి పడేదాకా ఉండిపోయారు. బయలుదేరేసరికి, టైర్లు మంచులో జారకుండా చుట్టే చెయిన్లు తప్పనిసరి అని బోర్డు వెలిగింది. మాది ముందు చక్రాలు తిరిగే మినీవ్యాను. చెయిన్లు ఉన్నాయి, కొన్ననాటి పెట్టెలో, సీలు విప్పకుండా.

ఆ చెయిన్లు తొడగడం ఎలా ఉంటుందో నీకు తెలియాలి. రోడ్డు పక్కన మోకాళ్ళ లోతు బురద మంచు. దాంట్లో మోకరిల్లి, చక్రం మీదుగా చెయిన్ పరిచి, వెనక వైపుకు చెయ్యి పోనిచ్చి అక్కడి కొక్కేన్ని కంటికి కనబడకుండా వేళ్ళతో వెతికి తగిలించాలి. గ్లౌజులతో ఆ కొక్కెం చిక్కదు. గ్లౌజులు తీస్తే నిమిషంలో వేళ్ళు మొద్దుబారతాయి, కొక్కెం పట్టుకున్నామో లేదో కూడా తెలియదు. పాప రెండు చేతులతో టార్చి పట్టుకుని నిలబడింది. పక్క నుంచి వెళ్ళే ప్రతి బండీ వాళ్ళ మీద బురద చిమ్మింది. ఒక చక్రానికి తొడిగింది తిరగబడి, కాస్త దూరం పోగానే ఊడి బండి పక్కకు టపటపా కొట్టుకుంది. మళ్ళీ దిగారు. తరువాత మంచు చరియల ముప్పు తప్పించే పని కోసం రోడ్డు మూసేశారు. బారులు తీరిన కార్ల మధ్య గంటలు. ఫోనుకు సిగ్నల్ లేదు. ఇంట్లో నేను అన్నం కూడా ముట్టకుండా తలుపు దగ్గరే కూర్చున్నాను.

తెల్లవారాక వచ్చారు. రోడ్డు మూశారు, పెట్రోలు బంకు దగ్గర ఆగాం అని మాత్రం చెప్పారు. అసలు సంగతి మీ అక్క డ్రైవింగ్ లైసెన్సు తెచ్చుకున్న రోజున గానీ బయటపెట్టలేదు. రోడ్డు తెరిచాక అర్ధరాత్రి దాటింది, తడిబట్టలు, హీటరు వెచ్చదనం, వెనక సీట్లో పాప నిద్ర. ఆయనకూ కన్ను మూతపడింది. రోడ్డు అంచున నిద్రమత్తు వాళ్ళను లేపడానికి చెక్కి ఉంచే గాట్ల మీద టైర్లు గరగరలాడితే మెలకువ వచ్చింది. అప్పటికి ఇనుప కంచె పక్కనే ఉంది. ఆ తరువాత దొరికిన మొదటి దీపం దగ్గర బండి ఆపి తెల్లారేదాకా కదల్లేదట. ఇది నీకు రాస్తున్నానని ఆయనకు చెప్పాను. "రాయి, ఒక్క ముక్క కూడా తగ్గించకు" అన్నారు.

అందుకని తల్లీ, పాసు కొనేముందు కొండ మ్యాపు చూడకు. తిరుగు దారి చూడు. పని నుంచి బయలుదేరి, మూడు గంటలు జారి, కాళ్ళు సత్తువ లేకుండా, డిసెంబరులో నాలుగున్నరకే చీకటి పడే ఈ ఊళ్ళో, వానలో ఒక్కదానివీ ఇంటికి రాగలవా? ఆ ప్రశ్నకు ఏ కొండ జవాబు ఇస్తుందో అదే నీ కొండ. నీకు అది స్నోక్వాల్మీ. ఐ-90 వెడల్పాటి రోడ్డు, మంచు తీసే బండ్లు తిరుగుతూ ఉంటాయి, కనుమ దిగి ఇరవై మైళ్ళు వస్తే నార్త్ బెండ్‌లో దీపాలు, వేడి టీ. దీపాల వెలుగులో రాత్రి స్కీయింగ్ ఉంటుంది. అందులో సమ్మిట్ వెస్ట్ అనే భాగం నేర్చుకునేవాళ్ళకు అనువైన చోటు. నువ్వు గట్టిపడ్డాక ఆల్పెంటల్ అనే మరో భాగం అక్కడే ఉంది, దాని నిటారు వాలుల మీద అనుభవజ్ఞులే జాగ్రత్తగా దిగుతారు. వాన పడిన రోజు ఇంట్లో ఉండు. దగ్గరి కొండకు అదే సుఖం, వెళ్ళకపోయినా మనసు పీకదు.

స్టీవెన్స్ మీద నాకు కోపమేమీ లేదు, మంచు అక్కడ మెరుగు. కానీ మన్రో దాటాక యూఎస్-2 చాలా దూరం అటొక వరుస ఇటొక వరుస. ఆదివారం సాయంత్రం సుల్తాన్ అనే ఊరి దగ్గర కార్లు చీమల బారులా కదులుతాయి. ఆ దారి నాకు ఎప్పుడూ గుబులే. 1910 మార్చి 1న అక్కడి వెల్లింగ్టన్‌లో మంచు చరియ విరిగిపడి రెండు రైళ్ళను లోయలోకి తోసేసింది, 96 మంది పోయారు. అమెరికా చరిత్రలో ఇంతమందిని పొట్టనబెట్టుకున్న మంచు చరియ ప్రమాదం మరొకటి లేదు. ఎండాకాలంలో ఐరన్ గోట్ ట్రెయిల్ మీద నడిపించి నీకు ఆ చోటు చూపిస్తాను. స్నోక్వాల్మీకి 1938లో సియాటిల్ నుంచి స్కీయర్ల కోసం రైలు నడిచేది. ఆ రైలు ఇప్పటికీ ఉండి ఉంటే నేను ఈ ఉత్తరం రాసేదాన్నే కాదు.

నీ స్నేహితులు ఎపిక్ అనే, చాలా కొండలకు చెల్లే పాసు కొంటున్నారట, విస్లర్ కూడా వస్తుందని. 2018లో స్టీవెన్స్‌ను వెయిల్ కంపెనీ కొన్నాక అది ఎపిక్‌లో చేరింది. క్రిస్టల్, స్నోక్వాల్మీ ఐకాన్ అనే మరో పాసు వైపు. ఒక్క కార్డుతో ఖండమంతా తిరగవచ్చన్నది వినడానికి బాగుంటుంది. నీ సంగతి ఆలోచించు. విస్లర్ కెనడాలో ఉంది. నీది ఇండియా పాస్‌పోర్టు, హెచ్-1బీ. కెనడా వీసా తీసుకోవాలి. తిరిగి వచ్చేటప్పుడు నీ అమెరికా వీసా స్టాంపు గడువు ఏమిటో, నీ కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో లాయరును అడగాలి. వారాంతం సరదాకు వెళ్ళి సరిహద్దులో సమాధానాలు చెప్పుకుంటూ నిలబడే పరిస్థితి నీకు వద్దు. గ్రీన్ కార్డు వచ్చాక విస్లర్ ఎక్కడికీ పోదు.

షరతులు చదువు. ఏ రోజులకు పనికిరాదు, కారు నిలపడానికి ముందుగా చోటు బుక్ చేయాలా, వేరే డబ్బులా, అన్నీ ఏటా మారతాయి. దెబ్బ తగిలితే, ఉద్యోగం పోతే, వేరే ఊరికి బదిలీ అయితే ఎంత వాపసు వస్తుంది? 2020 మార్చి మధ్యలో ఈ దేశంలో స్కీ కొండలు దాదాపు అన్నీ ఒక్కసారిగా మూతపడ్డప్పుడు చాలామంది ఆ పేజీ మొదటిసారి తెరిచి చూసుకున్నారు. ధరలు వసంతంలో అన్నిటికన్నా తక్కువ, మామూలుగా సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే దాటితే పెరుగుతాయి. ఆ తేదీ చూసి కంగారు పడి పెద్దది కొనేయకు. మొదటి ఏడాది పాఠాల ప్యాకేజీ తీసుకుని, రాత్రులకు మాత్రమే చెల్లే పాసు దొరికితే అది చాలు. ధర తక్కువైతే కట్టిన డబ్బు రాబట్టుకోవాలన్న తాపత్రయం కూడా తక్కువ. గిట్టుబాటు లెక్క ఎప్పుడూ వేయకు, ఫ్రిజ్ మీద అసలే అంటించకు.

ఇంకొక్కటి. కొత్త మంచు పడిన రోజు చెట్ల మధ్యలోకి వెళ్ళకు. పెద్ద ఫర్ చెట్ల మొదట్లో కొమ్మల కింద మంచు గట్టిపడక బావిలా గుంత ఉంటుంది. తలకిందులుగా పడితే మంచు మీద పడి ఊపిరి ఆడదు. స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్ళను అలాంటి గుంతల్లో దింపి పరీక్షిస్తే నూటికి తొంభై మంది తమంతట తాము బయటికి రాలేకపోయారు. కనబడేంత దూరంలో జోడీ ఎప్పుడూ ఉండాలి. మెడలో విజిల్ వేసుకో. ఇది మీ అమ్మకు చెప్పకు.

నీ కారు ఆల్ వీల్ డ్రైవ్ అని ధీమా పడుతున్నావు. చెయిన్లు తప్పనిసరి అన్నప్పుడు నువ్వు తొడగనక్కరలేకపోవచ్చు, వెంట మాత్రం ఉండి తీరాలి, ఈ రాష్ట్రంలో అదే నియమం. వచ్చే శనివారం మా ఇంటికి రా. పెదనాన్న గ్యారేజీలో నీ కారు చక్రానికి చెయిన్ తొడగడం నేర్పుతారు, కళ్ళు మూసుకుని కొక్కెం తగిలించేదాకా వదలరు. గోంగూర పచ్చడి, ముద్దపప్పు చేస్తాను. పాసుకు డబ్బు కట్టకుండానే రా, షరతుల పేజీ ముగ్గురం కలిసి చదివి ఇక్కడే కొందాం. కొండ నుంచి బయలుదేరే ప్రతిసారీ నాకు ఒక మెసేజ్ పెట్టు, ఇల్లు చేరాక ఇంకొకటి. ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను.

ప్రేమతో,
పెద్దమ్మ