నాటక సమాజం ట్రంకు పెట్టె: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా గ్రంథాలయానికి ఒక పాత నాటక సమాజం పెట్టె వచ్చింది. అందులో అచ్చు నాటకాలు, చేతిరాత నోటు పుస్తకాలు, కరపత్రాలు, ఖర్చుల చిట్టాలు ఉన్నాయి. బీరువాలో చోటు తక్కువ. ముందు దేన్ని కాపాడాలి? (తెనాలి)

జవాబు: గీతలు గీసి, కొట్టివేతలతో నిండిన పుస్తకాన్ని. శుభ్రంగా ఉన్న అచ్చు ప్రతి ఇంకోచోట దొరకవచ్చు. తెరచాటు నుంచి నటులకు మాటలందించే ప్రాంప్టరు చేతిలో నలిగిన ప్రతి మాత్రం అదొక్కటే. ‘కన్యాశుల్కం’ సంగతే చూడండి. 1892లో రంగస్థలం ఎక్కింది, 1897లో అచ్చయింది, 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి తిరగరాశారు. ఆ పెద్ద ప్రతిని ఉన్నదున్నట్టు ఆడితే ఒక రాత్రికి తెమలదు. కోసుకోక తప్పదు. ఏ రంగం తీసేశారు, ఎవరి మాటలు ఎవరికిచ్చారు, తెర ఎక్కడ వేశారు అన్నవి ఆ అంచుల్లోనే ఉంటాయి. పద్య నాటకాలకైతే మరీను. పద్యం అచ్చులో ఉంటుంది గానీ దాని వరుస ఉండదు. పక్కన పెన్సిలుతో రాసిన రాగం పేరు, హార్మోనియం శ్రుతి చెరిగిపోతే ఆ సమాజం దాన్ని ఎలా పాడిందో చెప్పేవారుండరు.

తర్వాత నటుల పోర్షన్లు (ఎవరి పాత్ర మాటలు వారు రాసుకున్న కాగితాలు), కరపత్రాలు, ఫొటోలు. చిట్టాలను చిన్నచూపు చూడకండి. పెట్రోమాక్సు లైట్ల అద్దె, మేకప్ మనిషి కూలి, హార్మోనిస్టు రైలు చార్జీ అందులో తప్ప మరెక్కడా ఉండవు. గీతలు లేని అచ్చు పుస్తకాలకు చివరి వరస చాలు.

సర్దాలన్న తొందరలో అందరూ చేసే పాడుపని ఒకటుంది: కరపత్రాలన్నీ ఒక కట్ట, పుస్తకాలన్నీ ఒక కట్ట కట్టేయడం. పుస్తకం మధ్యలో కరపత్రం దొరికితే అది ఏ పేజీల మధ్య ఉందో ముందు రాసుకోండి. రెండింటికీ ఒకే నంబరు వేసి, ఆ తర్వాత విడదీయండి. విడదీయడం అవసరమే, ఎందుకంటే కరపత్రంలోని ఆమ్లం పక్క పేజీలను మరకపరుస్తుంది. నంబర్లు మెత్తని 2బి పెన్సిలుతో, వెనకవైపు ఒక మూలన వేయండి. బాల్‌పెన్ను, రబ్బరు స్టాంపు వద్దు.

ప్రశ్న: పసుపు, గులాబి రంగు కరపత్రాలు మడతల దగ్గర విరిగిపోతున్నాయి. లామినేషన్ చేయిద్దామా? (రాజమహేంద్రవరం)

జవాబు: వద్దు. లామినేషన్ వేడితో అంటుకుంటుంది, మళ్లీ ఊడిరాదు. లోపలి ఆమ్లం లోపలే ఉండి తన పని తాను చేసుకుపోతుంది. కరపత్రాలకు వాడింది ఎక్కువగా చవక రకం చెక్కగుజ్జు కాగితం. అందులోని లిగ్నిన్ అనే చెక్క పదార్థం వెలుతురుకీ గాలికీ ముదురు రంగు తిరిగి, కాగితాన్ని అప్పడంలా పెళుసు చేస్తుంది. రంగు అద్దకాలు ఎండకు వెలిసిపోతాయి, తడి తగిలితే పాకుతాయి.

మడతను బలవంతంగా విప్పకండి. వానాకాలం గాలిలో తేమ ఉన్న రోజున, బల్ల మీద రెండు మూడు గంటలు ఊరకే ఉంచితే కాగితం కొంత మెత్తబడుతుంది. అప్పుడు రెండు చేతులతో విప్పి, కింద ఒకటి, పైన ఒకటి తెల్ల అద్దుడు కాగితం పెట్టి, చదునైన బరువు కింద రెండు రోజులు ఉంచండి. నీళ్లు చల్లడం, ఇస్త్రీ చేయడం కూడదు. చదునయ్యాక ఒక్కోదాన్ని పాలియెస్టర్ కవరులో పెట్టండి. బజారులో దొరికే మెత్తటి పీవీసీ కవర్లు కాలం గడిచేకొద్దీ ఆమ్లవాయువు వదులుతాయి, సిరాను లాగేసుకుంటాయి. పాలియెస్టర్ దొరక్కపోతే ఆమ్లం లేని కాగితపు మడతే నయం.

చిరుగులకు సెల్లోటేపు వేయకండి. కొన్నేళ్లకు టేపు రాలిపోతుంది, గోధుమరంగు జిగురు మరక మాత్రం మిగిలిపోతుంది. జపనీస్ టిష్యూ అనే పలచని, గట్టి కాగితాన్ని గోధుమ పిండి నుంచి తీసిన గంజితో వెనకవైపు అతికించాలి. ఆ గంజిలో మైలుతుత్తం కలిపే పాత అలవాటు మానండి. పురుగు రాదు సరే, అందులోని రాగి కాగితాన్నే తినేస్తుంది. రంగు అద్దిన కాగితం మీద మాత్రం గంజి తడి కూడా ప్రమాదమే. దాన్ని అతికించకుండా కవరులో ముక్కలు సర్దిపెడితే చాలు.

ప్రశ్న: ప్రాంప్టింగు నోటు పుస్తకం దుమ్ము పట్టింది. తడిగుడ్డతో తుడిస్తే పెన్సిలు గీతలు ఊదారంగుకు తిరిగాయి. (విజయనగరం)

జవాబు: వెంటనే ఆపండి. అది మామూలు సీసపు పెన్సిలు కాదు, కాపీయింగు పెన్సిలు. దాని ములుకులో అనిలిన్ అనే రసాయన రంగు కలిపి ఉంటుంది. పొడిగా ఉన్నంతకాలం బూడిదరంగులో కనిపించి, తడి తగలగానే ఊదాగా పాకుతుంది. పాకినదాన్ని వెనక్కి తేలేం. అద్దుడు కాగితం పైన ఆనించి తడి లాగేసి, నీడలో ఆరనివ్వండి. మిగతా పేజీలకు మెత్తటి పొడి కుంచె ఒక్కటే. పేజీ మధ్య నుంచి అంచుకు ఊడ్చాలి, రబ్బరుతో రుద్దకూడదు.

తుప్పు పట్టిన పిన్నులను లాగకండి. వెనకవైపు కాళ్లను పలచని రేకుతో లేపి నిలబెట్టి, ముందువైపు నుంచి తీయండి. తిరిగి కుట్టాలంటే అవే రంధ్రాల్లోంచి నూలు దారం పోనివ్వండి.

ప్రశ్న: కరపత్రం మీద ‘ఆగస్టు 14 శనివారం’ అని ఉంది, సంవత్సరం లేదు. కాలం ఎలా కట్టాలి? (నెల్లూరు)

జవాబు: వారం తేదీ కలిసే సంవత్సరాలు కొన్నే. 1935కూ 1955కూ నడుమ ఆగస్టు 14 శనివారం పడింది 1937, 1943, 1948, 1954లలోనే. తిథి కూడా వేసి ఉంటే ఆ నాలుగేళ్ల పంచాంగాలతో సరిచూస్తే చాలాసార్లు ఒకటే మిగులుతుంది. తెలుగు సంవత్సరం పేరుంటే ఇంకా సులువు. సర్వధారి అంటే 1948 ఉగాది నుంచి 1949 ఉగాది దాకా. దానికి ముందుది అరవై ఏళ్ల కిందటిది కనుక పొరబడే వీలు తక్కువ.

టిక్కెట్టు ధర చూడండి. నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న, ‘నయా’ పోయింది 1964లో. అణాలు ఉన్నంతమాత్రాన 1957కు ముందుదని తేల్చేయకండి, అలవాటు కొద్దీ కొన్నాళ్లు అణాలే వేసినవారుంటారు. తెలంగాణ కరపత్రంలో 1350ల అంకె కనిపిస్తే అది ఫసలీ, అంటే నిజాం రాజ్యంలో వాడిన సంవత్సరాల లెక్క; ఇంగ్లీషు సంవత్సరం రావాలంటే నెలను బట్టి 590 గానీ 591 గానీ కలపాలి. అడుగున సన్న అక్షరాల్లో ప్రెస్సు పేరు, ఊరు వెతకండి. 1867 నాటి చట్టం ప్రకారం అప్పట్లో అది వేయక తప్పేది కాదు కనుక సాధారణంగా ఉంటుంది. అదే ప్రెస్సు అచ్చు వేసిన, సంవత్సరం ఉన్న మరో కాగితంతో టైపు పోల్చితే దారి దొరుకుతుంది. కట్టిన సంవత్సరాన్ని చదరపు బ్రాకెట్లలో పెట్టి, ఎందుకలా అనుకున్నారో ఒక ముక్క రాయండి.

ప్రశ్న: పురుగులకు కలరా ఉండలు చాలవా? (అనంతపురం)

జవాబు: చాలవు. వాటి వాసన మనుషులకు మంచిది కాదు, లోపల ఉన్న గుడ్లను చంపదు. పురుగు పట్టిన పుస్తకాలను పాలిథిన్ సంచిలో గాలి తీసి బిగించి, మైనస్ 20 డిగ్రీల డీప్ ఫ్రీజరులో వారం రోజులు ఉంచండి. మైనస్ 18 అయితే రెండు వారాలు. బయటికి తీశాక 24 గంటలు సంచి విప్పకండి, విప్పితే చల్లని అట్ట మీద నీరు పేరుకుంటుంది. ఫొటోలనూ గ్రామఫోను రికార్డులనూ ఇందులో పెట్టవద్దు. బీరువాను గోడకు ఆనించకుండా జానెడు దూరం జరపండి. గదిలో తేమ 60 శాతం లోపు ఉంటే బూజు బెడద పెద్దగా ఉండదు.

ప్రశ్న: స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టవచ్చా? (వరంగల్లు)

జవాబు: భద్రపరచడానికి స్కాన్ చేసుకోవడం, అందరికీ పంచడం వేరువేరు. అసలు ప్రతి తన దగ్గరే ఉన్న, లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం భద్రత కోసం డిజిటల్ ప్రతి ఉంచుకోవడానికి మన కాపీరైటు చట్టం ఒప్పుకుంటుంది. పంచాలంటే, రచయిత బతికుండగా అచ్చయిన నాటకానికి ఆయన పోయిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు గడవాలి. 1964లో పోయినవారి హక్కు 2024 డిసెంబరు 31తో ముగిసింది. కరపత్రాలకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), ఫొటోలకు 600, రెండూ రంగుల్లోనే, టిఫ్ ఫైళ్లుగా స్కాన్ చేయండి. వెనకవైపు ఖాళీగా కనిపించినా వదలకండి. ఆ రాత్రి వసూళ్ల లెక్క చాలాసార్లు అక్కడే వేసి ఉంటుంది.