3 వోల్టుల బల్బు, 230 వోల్టుల తీగ

ప్రశ్న: పండుగ రోజుల్లో ఇంటికి కట్టే 100 బల్బుల సీరియల్ సెట్టు ఒకటి మా ఇంట్లో నాలుగేళ్లుగా ఉంది. ఈసారి బయటికి తీసేసరికి ఎలుకలు ఒకచోట తీగను కొరికేశాయి. మా తమ్ముడు ఆ భాగాన్ని పాతిక బల్బులతో సహా కత్తిరించి, మిగిలిన కొసలను మెలిపెట్టి టేపు చుట్టాడు. ఇప్పుడు సెట్టు మునుపటికంటే ఎక్కువ కాంతితో వెలుగుతోంది. ఒక్కో బల్బుకు అందేది సుమారు 3 వోల్టులే కాబట్టి షాక్ కొట్టదని వాడి ధీమా. వాడుకోవచ్చునా?

జవాబు: దయచేసి వాడకండి. మీ తమ్ముడు చెప్పినది బల్బు విషయంలో నిజమే గాని, తీగ విషయంలో నిజం కాదు.

సీరియల్ అన్న పేరులోనే అసలు సంగతి ఉంది. బల్బులన్నీ ఒకదాని వెనుక ఒకటిగా ఒకే దారిలో ఉంటాయి కాబట్టి, ఇంటికి వచ్చే 230 వోల్టులను 100 బల్బులు పంచుకొని తలా 2.3 వోల్టులు తీసుకుంటాయి. అయితే ఈ పంపకం కరెంటు పారుతున్నంతసేపే. ఒక బల్బును హోల్డరులోంచి లాగిన మరుక్షణం ప్రవాహం ఆగిపోతుంది, సెట్టంతా ఆరిపోతుంది, ఆ ఖాళీ హోల్డరులోని రెండు సన్నని రాగి కొసల మధ్య మొత్తం 230 వోల్టులూ వచ్చి నిలుస్తాయి. సెట్టు ఆరిపోయింది గదా, కరెంటు లేదనుకొని వేలు పెట్టేది సరిగ్గా అప్పుడే. ఎల్‌ఈడీ సెట్లు వేడెక్కడం తక్కువే అయినా, అడాప్టరు లేకుండా నేరుగా ప్లగ్గులో పెట్టేవాటి తీగలో ఉండేది కూడా ఇంటి కరెంటే.

కాంతి పెరిగిందని మీరు రాసిన మాట నన్ను మరింత కలవరపెట్టింది. 100 బల్బులు పంచుకోవలసిన వోల్టేజిని ఇప్పుడు 75 బల్బులే పంచుకుంటున్నాయి. అంటే ఒక్కోదానికి సుమారు 3.07 వోల్టులు, ఉండవలసినదానికంటే మూడో వంతు అదనం. ఆ అదనపు కాంతి వెంట అదనపు వేడి కూడా ఉంటుంది, బల్బులు త్వరగా మాడిపోతాయి. కొన్ని సెట్లలో ఒక బల్బు మాడినా తక్కినవి వెలుగుతూ ఉండేలా బల్బు లోపలే చిన్న ఏర్పాటు ఉంటుంది. అటువంటి సెట్టులో మాడిన బల్బులను పట్టించుకోకుండా వదిలేసినా జరిగేది ఇదే, మాడిన కొద్దీ మిగిలినవాటి మీద భారం ఇంకా పెరుగుతుంది.

ఇక ఆ అతుకు. మెలిపెట్టిన తీగ కొన్నాళ్లకు వదులవుతుంది, వదులైనచోట నిరోధం పెరుగుతుంది, నిరోధం ఉన్నచోట వేడి పుడుతుంది. మరమ్మతుకు నా దగ్గరికి వచ్చిన ఒక సెట్టుకు ఇలాంటి అతుకే ఉండేది. టేపు విప్పితే లోపలి జిగురు కరిగి నల్లని పాకంలా సాగింది, తీగ మీది ఆకుపచ్చ తొడుగు గోధుమ రంగుకు మారి, గోటితో గీకగానే పెళుసుగా రాలిపోయింది. ఆ అతుకు అంతకుముందు వేలాడినది కిటికీ తెరకు ఆనుకొని. అది అంటుకోకపోవడం ఆ ఇంటివారి అదృష్టం.

ఇంట్లో ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్ ఉన్నది కదా అని కూడా నిశ్చింతగా ఉండకండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, కరెంటు మన శరీరం ద్వారా నేలలోకి కారిపోతే వెంటనే సరఫరాను ఆపుతుంది. కాని తెగిన తీగ రెండు కొసలనూ రెండు చేతులతో పట్టుకున్నవారిని అది గుర్తించలేకపోవచ్చు, ఎందుకంటే వెళ్లిన కరెంటంతా మళ్లీ అదే దారిన తిరిగి వస్తోంది. కాబట్టి బల్బు మార్చేటప్పుడు స్విచ్ ఆపడంతో సరిపెట్టకుండా ప్లగ్గే ఊడదీయాలి. వైరింగులో పొరపాటు ఉంటే స్విచ్ న్యూట్రల్‌ను, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగను మాత్రమే ఆపుతుంది, కరెంటు వచ్చే ఫేజ్ తీగ సజీవంగానే ఉంటుంది.

ఆ సెట్టును పారేసి, తక్కువ వోల్టేజి అడాప్టరుతో వచ్చే ఎల్‌ఈడీ సెట్టు కొనుక్కోండి. వాటిలో అడాప్టరు తర్వాతి తీగలో 24 లేదా 31 వోల్టుల వంటి స్వల్ప వోల్టేజే ఉంటుంది. ఒక సెట్టు అడాప్టరును మరో సెట్టుకు తగిలించకండి. తీగను మేకులకు, స్టేపుల్ పిన్నులకు కాక ప్లాస్టిక్ క్లిప్పులకు వేలాడదీయండి. పడుకునే ముందు, ఇల్లు తాళం వేసే ముందు ప్లగ్ తీసేయండి.

ప్రశ్న: బాల్కనీలో కట్టిన లైట్లు వానకు తడిస్తే ప్రమాదమా?

జవాబు: పెట్టె మీద ఐపీ అనే గుర్తు పక్కన రెండంకెలు ఉంటాయి. వాటిలో రెండోది నీటికి సంబంధించినది. ఐపీ20 అని ఉంటే నీటి నుంచి రక్షణ ఏమీ లేదు, ఇంట్లోనే వాడాలి. ఐపీ44 అయితే ఏ వైపు నుంచి నీటి తుంపరలు పడినా తట్టుకుంటుంది. అయితే సెట్టు తట్టుకున్నంత మాత్రాన ప్లగ్గు, అడాప్టరు, ఎక్స్‌టెన్షన్ బోర్డు తట్టుకోవు. వాటిని పొడిగా ఉండేచోటే పెట్టాలి. తీగ ప్లగ్గును చేరేముందు ప్లగ్గుకంటే కిందికి కాస్త వేలాడేలా వదిలితే, తీగ వెంట జారే నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. ఎక్స్‌టెన్షన్ తీగను మాత్రం చుట్టగా ఉంచి వాడకండి, వేడి బయటికి పోయే దారి ఉండదు.

ప్రశ్న: మా పాపకు రెండేళ్లు. అందుకని బ్యాటరీ లైట్లే వాడుతున్నాము. ఇక భయం లేదు కదా?

జవాబు: షాక్ భయం లేదు. కాని చిన్న దీపాల్లో, వాటి రిమోట్లలో ఉండే బిళ్ల బ్యాటరీ పసిపిల్లలకు చాలా ప్రమాదకరం. మింగితే అది గొంతులో ఇరుక్కొని, రెండు గంటల్లోనే లోపలి కణజాలాన్ని తీవ్రంగా కాల్చేయగలదు. బ్యాటరీ మూత స్క్రూతో బిగించేదిగా ఉంటేనే కొనండి, మార్చిన పాత బ్యాటరీని కూడా పాపకు అందనీయకండి. మింగిందేమోనని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లి, బిళ్ల బ్యాటరీ అన్న మాట మొదటే చెప్పండి.