మేనకోడలికి, కెమెరా కొనే ముందు

పర్లాకిమిడి,
ఆదివారం మధ్యాహ్నం

అమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ముప్పావుగంట ఏడ్చింది. బరంపురంలో బ్యాంకు కోచింగ్ మానేశావట. పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తావట. వాయిదాల మీద లక్షన్నర కెమెరా చూసుకున్నావట. "అంతా నీ వల్లే అన్నయ్యా, చిన్నప్పుడు దాన్ని స్టూడియోలో కూర్చోబెట్టుకుని పాడుచేశావు" అంది. నేను ఏమీ అనలేదు. ఫోన్ పెట్టేశాక బీరువా తెరిచి, పాత యాషికా కెమెరాను బయటికి తీసి తుడుస్తూ కూర్చున్నాను. ఈ సంగతి మీ అమ్మకు చెప్పకు.

మానేసే ముందు నాతో ఒక్క మాట అనాల్సింది. సరే, అయిందేదో అయింది.

బ్యాటరీలు ముందు రాత్రే చార్జింగ్ పెట్టుకో. అడ్వాన్సు చేతికి రాకుండా తేదీ రాసుకోకు. లెన్సును చున్నీతో తుడవకు. పెళ్లివారి భోజనాల పంక్తి లేచేదాకా ఆగకుండా నువ్వు ముందే తిను, తర్వాత తీరిక దొరకదు. ఇవి నీకు తెలిసినవే.

ఇక కెమెరా. ఫోన్‌తో తీసేవాళ్లను చూసి నవ్వకు. పగటి వెలుగులో, పందిరి కింద, దాని బొమ్మకూ నీ బొమ్మకూ తేడా మామూలు మనిషికి తెలియదు. దాని సెన్సారు, అంటే వెలుగు పడి బొమ్మగా మారే చిప్పు, గోరంత. అందుకే అర్ధరాత్రి ముహూర్తంలో తలంబ్రాలు పోస్తున్న చెయ్యి దాంట్లో అలికేసినట్టు వస్తుంది. దూరాన్ని దగ్గరికి లాగే పెద్ద జూమ్ కెమెరాలదీ అదే బాధ. మహేంద్రగిరి మీద పిట్టలకు బాగుంటాయి గానీ పెళ్లి మండపానికి పనికిరావు.

అద్దం ఉన్న డీఎస్ఎల్ఆర్‌ను పాతదని తీసిపారేయకు. ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతున్నాయి. నికాన్ డీ850 బ్యాటరీకి కంపెనీ చెప్పే లెక్క 1840 ఫొటోలు. స్నాతకం నుంచి అప్పగింతల దాకా ఒకే బ్యాటరీతో లాగేయొచ్చు. బరువు మాత్రం మెడకు తెలుస్తుంది. పైగా దాని కంట్లో నీకు కనిపించేది ఎదురుగా ఉన్న మనుషులే, రాబోయే ఫొటో కాదు. అద్దం లేని మిర్రర్‌లెస్‌లో వెలుగు ఎక్కువైందో తక్కువైందో నొక్కకముందే కనిపిస్తుంది, ఎదుటి మనిషి కన్ను ఎక్కడుందో అదే వెతికి పట్టుకుంటుంది. నా రోజుల్లో అది ఉంటే నా తల ఇంత తొందరగా నెరిసేది కాదు. కానీ వాటిలో సోనీ ఏ7 త్రీ బ్యాటరీ లెక్క 710 ఫొటోలే. లెన్సు విప్పితే సెన్సారు చాలావాటిలో నోరు తెరుచుకుని ఎదురుగా ఉంటుంది. మన రోడ్ల దుమ్ములో నడివీధిలో నిలబడి లెన్సు మార్చావో, ఆకాశం నిండా మచ్చలే.

ఫుల్ ఫ్రేమ్ సెన్సారు 36 మిల్లీమీటర్లకు 24, మా ఫిల్ము కొలతే. చిన్న సెన్సారు బాడీ, అంటే లెన్సు లేని కెమెరా, చవక. కానీ దానిమీద 50 మిల్లీమీటర్ల లెన్సు పెడితే దాదాపు 75 లెన్సు చూసినంతే, అంటే తక్కువ చోటే, చూస్తుంది. మన వీధుల్లో ఇళ్లు రైలు పెట్టెల్లా సన్నగా పొడుగ్గా ఉంటాయి కదా. గౌరీపూజ గదిలో వీపు గోడకు ఆనించి ఇంకా వెనక్కి జరగాలనుకుంటావు, చోటుండదు. చిన్న సెన్సారుదే కొంటే మిగిలిన డబ్బు వైడ్ లెన్సుకు దాచు.

ఇప్పుడు నేను ఎవరికీ చెప్పని మాట రాస్తున్నాను.

యాషికా మ్యాట్ నీకు గుర్తుందా, నడుం దగ్గర పట్టుకుని తల వంచి పైనుంచి చూసేది? రీలుకు 12 ఫొటోలే. అద్దంలో కుడి ఎడమగా కనిపిస్తుంది. కానీ దాని షట్టరు, అంటే వెలుగును లోపలికి వదిలి మూసే తలుపు, లెన్సులోనే ఉంటుంది. అందువల్ల ఏ స్పీడులో పెట్టినా ఫ్లాష్ బొమ్మంతా పడుతుంది. చెయ్యి వణికితే తెలియకుండా ఉంటుందని నేను ఎప్పుడూ 125లో, అంటే సెకనులో 125వ వంతులో, పెట్టుకునేవాణ్ని. 1989లో పెంటాక్స్ కే1000 కొన్నాను, వాడినదే. రీలుకు 36, తేలిక, లెన్సులు మార్చుకోవచ్చు. కొన్న నాలుగో రోజే ఒక పెళ్లికి పట్టుకెళ్లిపోయాను. ఒక్క రీలైనా కడిగించి చూసుకోలేదు. అంత తొందర.

దానికి లెన్సు వెనక గుడ్డ తెర రెండు ముక్కలుగా అడ్డంగా పరుగెడుతుంది. 60 దాకా తెర పూర్తిగా తెరుచుకుంటుంది, ఫ్లాష్ అంతటా పడుతుంది. 60 దాటిస్తే మొదటి తెర పూర్తిగా పోకముందే రెండోది బయల్దేరుతుంది. ఫ్లాష్ మెరుపు ఒక చీలిక మీదే పడుతుంది. నేను అలవాటు కొద్దీ 125 మీద పెట్టి రాత్రంతా నొక్కాను. మూడు రీళ్లు. నొక్కినప్పుడల్లా ఫ్లాష్ మెరిసింది. అంతా సరిగ్గానే ఉందనుకున్నాను.

విశాఖ ల్యాబ్ నుంచి ప్రింట్లు వచ్చాయి. ప్రతి ఫొటోలోనూ ఒక పక్క నిలువునా కత్తితో కోసినట్టు నలుపు. తాళి కట్టే ఫొటోలో పెళ్లికొడుకు చేతులున్నాయి, పసుపుతాడు ఉంది, కట్టించుకునే మనిషి లేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి పెళ్లికూతురి తండ్రి దగ్గరికి వెళ్లి, "ల్యాబ్‌వాళ్లు రీళ్లు పాడుచేశారండీ" అన్నాను. ఆయన ఒక్క నిమిషం నా మొహం వైపు చూశారు. నెగెటివ్‌లు ఓసారి ఇవ్వమన్నారు. రెండు రోజుల తర్వాత తిరిగి పంపించారు, దాంతోపాటు మిగిలిన డబ్బు కూడా. నేను తీసుకున్నాను. అమ్మడూ, నేను తీసుకున్నాను.

నాలుగేళ్ల తర్వాత ఆయన రెండో కూతురి పెళ్లికీ నన్నే పిలిచారు. నమ్మలేకపోయాను. ముహూర్తానికి పది నిమిషాల ముందు ఆయన పట్టుపంచె సర్దుకుంటూ నా పక్కకు వచ్చి, మెల్లగా నాకు మాత్రమే వినపడేలా "బాబూ, అరవై మీదే ఉందా?" అన్నారు.

ఉందండీ అన్నాను. ఆయన పీటల మీదికి వెళ్లి కూర్చున్నారు.

ప్రింటులో నల్లగా వచ్చిన పక్క నెగెటివ్‌లో పొర ఏ మచ్చా లేకుండా తేటగా ఉంటుంది, పొడవునా ఒకే గీత. కడగడంలో పాడైతే అలా ఉండదు. ఆయన ఎవరికో చూపించి కనుక్కుని ఉంటారు. నాలుగేళ్లూ ఊళ్లో ఒక్కరితో అనలేదు. నేను ల్యాబ్ అతనికి క్షమాపణ చెప్పుకునేలోపు అతను దుకాణం ఎత్తేశాడు.

అందుకే ఇంత రాస్తున్నాను. ఇప్పటి కెమెరాలకు ఆ హద్దు 200 దగ్గరో 250 దగ్గరో ఉంటుంది. సొంత కంపెనీ ఫ్లాష్ పెడితే హద్దు దాటకుండా కెమెరాయే ఆపుతుంది. దూరంగా పెట్టిన ఫ్లాష్‌ను వెలిగించే చవక ట్రిగ్గర్లు పెడితే ఆపకపోవచ్చు. చప్పుడు లేని సైలెంట్ షట్టరు అని మురిసిపోకు. అది పెడితే చాలా కెమెరాల్లో ఫ్లాష్ అసలు వెలగదు. మండపం ఎల్ఈడీ లైట్ల కింద బొమ్మ మీద చారలు చారలుగా వస్తాయి. ఎంత ఖరీదైన కెమెరా అయినా నెల రోజులు ఇంట్లో, గుళ్లో, మీ అమ్మ మీద తీసి చూసుకో. ఆ తర్వాతే పెళ్లికి.

ఇంకొకటి. నువ్వు మీ అమ్మకు చూపించిన కేనాన్ ఆర్8లో మెమరీ కార్డు ఒక్కటే పడుతుంది, బ్యాటరీ కూడా చిన్నది. బొమ్మ బాగుంటుంది, కాదనను. కానీ కార్డు చచ్చిందంటే పెళ్లి పోయినట్టే. ఆర్6లో రెండు కార్డులు పడతాయి, నికాన్ జెడ్6 మొదటిదాంట్లో ఒకటే, జెడ్6 టూలో రెండు. రెండు కార్డులున్నదే కొను, ప్రతి ఫొటో రెండింటిలోనూ పడేలా పెట్టు. వాడినదైనా ఫరవాలేదు. నేను ముసలాణ్నై చాదస్తంగా మాట్లాడుతున్నానని అనుకున్నా సరే, ఈ ఒక్కటి నా మాట విను.

ఒడియా పెళ్లిళ్లకు వెళ్తే హాతగంఠి, అంటే వధూవరుల చేతులు కలిపి కట్టే తంతు, ఎప్పుడో పంతులుగారిని ముందే అడుగు. ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ చేసే హుళహుళి మొదలయ్యాక చోటు వెతుక్కుంటే దొరకదు. వానాకాలంలో లెన్సులు తోలు సంచిలో పెట్టకు. నా 135 మిల్లీమీటర్ల లెన్సుకు అలాగే ఫంగస్ పట్టింది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టు.

వచ్చే ఆదివారం గుణుపురం రైలెక్కి ఇక్కడ దిగు. అంతవరకు వాయిదా కాగితాల మీద సంతకం పెట్టకు. 2004లో చిన్న రైలు ఆగిపోయే ముందు యాషికాతో తీసిన రీలు ఒకటి ఉంది, 12 ఫొటోలు, చూపిస్తాను. రెండు కార్డులున్న బాడీకి తక్కువపడే డబ్బు నా దగ్గర ఉంది. మీ అమ్మ అడిగితే వాడినది కాబట్టి చవగ్గా వచ్చిందని చెప్పు.

అత్తయ్య నీకోసం అరిసెలు దాచింది.

మీ మావయ్య